‘ఇక్కడ’ అంటే ఎక్కడ?

ఆ కాలంలో ‘ఇక్కడ’ అనే మాటకు అర్థం ఒక్కటేనని నమ్మి బతికినవాణ్ణి నేను. మనిషి నిలబడి ఉన్న చోటు ఇక్కడ, వేలు చాపి చూపేది అక్కడ, తెలియక అడిగేది ఎక్కడ. ఆ, ఈ, ఏ అనే మూడింటినీ కలిపి త్రికమంటారనీ, వాటిలో ఈ అనేది కడ అనే మాటతో కలిసేటప్పుడు తాను పొట్టిదై పక్కనున్న హల్లును లావు చేస్తుందనీ, అలా పుట్టినదే ఇక్కడ అనీ పదమూడో ఏట గురువుగారి ముందు చేతులు కట్టుకుని వల్లించాను. అంతటి శాస్త్రజ్ఞానం ఉండీ, ఎనభైల నడుమ విశాఖపట్నంలో ఒక యంత్రం ముందు కూర్చుని, ఇక్కడ అంటే ఎక్కడో తెలియక నా ఉద్యోగాన్నీ సంసారాన్నీ ఒకేసారి నలభై నోటీసు బోర్డుల మీదికి ఎక్కించాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. పెదవులు మాత్రం ఎందుకో విచ్చుకుంటాయి.

ఉక్కు కర్మాగారం ఇంకా సగం ఇనుప చువ్వలుగా, సగం ఎర్రమట్టిగా ఉన్న రోజులవి. గోదావరి జిల్లా నుంచి భాషాప్రవీణ పట్టా చంకన పెట్టుకుని వచ్చిన నాకు ఏ పాఠశాలలోనూ చోటు దొరకలేదు. టైపు పరీక్షలో చేతివేగం చూసి, ఆ నిర్మాణపు పనులకు అనుబంధంగా నడిచే ఒక కార్యాలయంవారు నన్ను తమ కంప్యూటర్ విభాగంలో వేశారు. అక్కడి అధికారిని అందరూ పెద్దాయన అనేవారు. కృష్ణా జిల్లా మనిషి. మాట మెత్తన, చూపు గట్టి. పనివారికి ఇచ్చే నోటీసులు తెలుగులో ఉండాలని ఆయన పట్టుదల. మా ప్రింటరుకేమో ఇంగ్లీషు క్యాపిటల్ అక్షరాలు తప్ప మరొకటి రాదు. కనుక తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కూర్చి అచ్చువేయడం నా ఉద్యోగ ధర్మమైంది. (తెలుగు చదవగలిగినవాడు ఆ అక్షరాలను చూసి, ఇంగ్లీషు చదవగలిగినవాడు ఆ మాటలను చూసి చెరొక దిక్కుకూ తప్పుకునేవారు. నడుమ నేనొక్కణ్ణే ఆ నోటీసులను ఆసాంతం చదివేవాణ్ణేమో.)

ప్రొబేషను ఏడాది. అది ముగిసేనాటికి పెద్దాయన నా పేరు పక్కన ‘సంతృప్తికరం’ అని ఒక్క మాట రాస్తే ఉద్యోగం ఖాయం. ఖాయమైతే ఉక్కునగరంలో క్వార్టరుకు అర్హత. క్వార్టరు వస్తే, పెళ్ళై పది నెలలైనా పుట్టింట్లోనే ఉన్న మా ఆవిడ వస్తుంది. గాజువాకలో నలుగురు బ్రహ్మచారులతో పంచుకున్న గదికి కొత్త పెళ్ళికూతుర్ని పిలిచే వీలు లేదు గదా. ఇలా ఒకదాని తోక ఒకటి పట్టుకున్న ఈ వరసంతా పెద్దాయన కలం చివర వేలాడుతూ ఉండేది.

కంప్యూటరు గది చల్లగా, శుచిగా, దేవుడి గదికంటే ఎక్కువ మడిగా ఉండేది. దుమ్ము సోకితే యంత్రానికి జబ్బు చేస్తుందని ప్రతివాడూ చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపల వరసగా పెట్టిన రబ్బరు స్లిప్పర్లు వేసుకోవాలి. ఆ మడిని కాపాడేవాడు, యంత్రం గుట్టు తెలిసినవాడు, యారాడ నుంచి వచ్చే ఒక ప్రోగ్రామరు. చేపలవేట ఇంట పుట్టి ఈ దారి పట్టిన మనిషి. ఊరందరినీ బావా అని పిలిచేవాడు కనుక ఊరంతా అతణ్ణి బావ అనేది. నన్ను మాత్రం పంతులు అన్నాడు. చేరిన మొదటివారంలో నా తెరవైపు చూసి, డైరెక్టరీ మార్చుకోమన్నాడు. నేను వినయంగా లేచి, స్టోర్సు గుమాస్తాను బతిమాలి, పాత టెలిఫోన్ డైరెక్టరీ ఇచ్చేసి కొత్త సంవత్సరానిది తెచ్చాను. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి, తన కుర్చీలో వేసుకుని దానిమీద కూర్చున్నాడు.

“ఇప్పుడు నాను నీకంటే ఎత్తు పంతులూ,” అన్నాడు.

తరవాత నెమ్మదిగా చెప్పాడు, యంత్రం లోపల డైరెక్టరీ అంటే గది వంటిదని. రవాణా విభాగానికొక గది, నీటి విభాగానికొక గది, క్యాంటీనుకొక గది, నాకొక గది. కాగితాలు ఆ గదుల్లో ఉంటాయి. ఏ గదిలోనైనా అప్పటికి అమలులో ఉన్న ప్రకటన పేరు ‘నోటీసు’ అనే ఉండాలని పెద్దాయన ఉత్తరువు. నేను ఎడిటరు అనే పనిముట్టుతో ఆ గదుల్లోని కాగితాలను తెర మీదికి రప్పించి, దిద్ది, అచ్చుకు పంపాలి. ఇంతవరకూ నాకు బాగానే బోధపడింది.

ఇక నా గదిలో ఏముండేదో చెప్పాలి. మధ్యాహ్నం భోజనాల వేళ, అందరూ క్యాంటీనుకు వెళ్ళినప్పుడు, మా ఆవిడ మీద పద్యాలు అల్లి ఆ ఇంగ్లీషు అక్షరాల్లోనే దాచుకునేవాణ్ణి. ఎవరైనా నా గదిలోకి తొంగిచూస్తే అనుమానం రాకూడదు కదా. అందుకని మహా తెలివిగా, ఆ పద్యమున్న కాగితానికి ‘నోటీసు’ అని పేరు పెట్టాను. ఆ వారం అల్లినది తేటగీతి. తెలుగులోకి తెచ్చుకుంటే ఇదీ:

ఓడ లెన్నియో వచ్చెనీ యూరి రేవు
గాలి కడలియూసులు దెచ్చె గదికి నాకు
క్వార్ట రొక్కటి దొరికిన కదలి రమ్ము
అంతదాక నాకన్నమే యరుగ దబల

(మూడో పాదంలో క్వార్టరుకు యతి కుదిరినప్పుడు నాకు కలిగిన గర్వం, ఆ తరవాత క్వార్టరే వచ్చినప్పుడు కూడా కలగలేదు.)

ఒక శనివారం ఉదయం రవాణా విభాగంవారు, సోమవారం నుంచి షిఫ్టు బస్సు పావుగంట ముందే కదులుతుందని ప్రకటన పంపారు. నేను ఎప్పటిలాగే నా గదిలో ఎడిటరును తెరిచి, రవాణా గదిలోని నోటీసును దాని నిడుపాటి చిరునామాతో సహా పిలిచి తెర మీదికి రప్పించాను. ‘కదలును’ అని ఉన్నదాన్ని ‘కదలిపోవును’ అని దిద్ది భద్రపరిచాను. బస్సుకు కాస్త వేగం వచ్చిందని సంతోషించాను. కంటి ఎదుట ఉన్నది రవాణావారి కాగితమే కదా, ఇక నిడుపాటి చిరునామా ఎందుకనుకుని, ఎడిటరులోనుంచే పొట్టిగా, ఇక్కడి నోటీసును నలభై ప్రతులు అచ్చువేయమని ఆజ్ఞాపించాను. పక్కగదిలో ప్రింటరు గరగరమంది. అటెండరు తాత ఆ కట్టను కత్తిరించి జీపులో వేయించాడు. ఆయనకు ఆ అక్షరాలు రావు. వచ్చినా పైపుటలో నోటీసు అనే ఉంది.

సోమవారం పొద్దున్న నేను గేటు దగ్గరికి చేరేసరికి బోర్డు ముందు పదిమంది గుమిగూడి ఉన్నారు. నా భాషకు ఇన్నాళ్ళకు పాఠకులు దొరికారని మురిసి వెనక నిలబడ్డాను. ముందున్న ఫిట్టరు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదువుతున్నాడు. అన్నమే యరుగదు అనేచోట ఆగాడు.

“అన్నం అరగదంట. క్యాంటీనోళ్ళ నోటీసు కామోసు మావా,” అన్నాడు పక్కనున్న వెల్డరుతో.

“పైన సూడు, క్వార్టర్లిస్తన్నారంట. కదిలి రమ్మని రాసీసినారు,” అన్నాడు వెల్డరు.

బోర్డు మీద ఉన్నది నా తేటగీతి. ఆ ఒక్క పాదం ఎంత వేగంగా పాకిందంటే, తొమ్మిదింటికల్లా క్వార్టర్ల కేటాయింపు గుమాస్తా కిటికీ ముందు వరస ఆరుబయటిదాకా సాగింది. క్యాంటీను మేనేజరు, అన్నం అరగదని రాసినవాడెవడో తేల్చమని మా గుమ్మం ముందు కూర్చున్నాడు. ఇవి చాలవన్నట్టు, బస్సు ప్రకటన ఎవరూ చూడనందువల్ల జనరల్ షిఫ్టువారిలో సగానికి పైగా బస్సు తప్పిపోయారు. ఆ సగంలో పెద్దాయన ఒకరు. జీపు ఉన్నా, పనివారితోపాటు బస్సులోనే రావడం ఆయన నియమం. ఆ రోజు గొడుగుతో సహా ఒక ఇసుక లారీలో వచ్చి దిగారు.

దిగినవారు దిగినట్టే బోర్డు దగ్గరికి వెళ్ళి, నాలుగు పాదాలూ చదివి, గుండుసూదులు జాగ్రత్తగా తీసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నన్ను గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. (తిట్టదలచినవారు కూర్చోమనరు. ఆయన కూర్చోమన్నందుకు నాకు మరింత భయం వేసింది.)

“అబల ఎవరండీ?” అని అడిగారు.

“మా ఇంట్లో వారండీ,” అన్నాను.

పెద్దాయన ఆ మడతను జేబులోకి ఇంకాస్త లోపలికి తోశారు. నా రిపోర్టు పదిహేను రోజుల్లో పంపవలసి ఉందనీ, మనిషిని జాగ్రత్తగా ఉండమంటే నాలుగురోజులుండి మరిచిపోతాడనీ, ఈ పొరపాటు మళ్ళీ జరగడానికే వీల్లేకుండా ఆ యంత్రంలోనే కట్టుదిట్టం చేస్తే అప్పుడు సంతృప్తికరమో కాదో ఆలోచిస్తాననీ చెప్పి పంపారు. జరిగిన పొరపాటేమిటో నాకు తెలిస్తే కదా కట్టుదిట్టం చేయడానికి! ఎదురుగా ఉన్నది రవాణావారి నోటీసు. అచ్చువేయమన్నది ఇక్కడి నోటీసు. అచ్చైనది నా గుండెలోని నోటీసు.

బావ దగ్గర ఈ వాదమంతా వినిపించాను. అతడు సావధానంగా విని, ఒక్క ప్రశ్న వేశాడు.

“ఇక్కడ అన్నావ్ సరే పంతులూ. ఏ ఇక్కడ?”

బావ నన్ను చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గరికి నడిపించి, బయట వరసగా ఉన్న చెప్పుల్లో నావి చూపించాడు.

“నీ సెప్పులు ఏ గుమ్మం కాడ ఇడిసావో నీ ఇక్కడ అదే. నువ్వు కిటికీలోంచి మెడ సాపి రవాణావోళ్ళ గదిలోకి సూసావ్. కాగితం కనపడింది. కానీ సెప్పులు ఏడున్నాయి? నీ గుమ్మం కాడే. నోటీసు తెమ్మంటే నీ గదిలోదే తెస్తది గానీ ఊరోళ్ళది తెస్తదేటి?”

అంతటి స్పష్టమైన వ్యాఖ్యానం నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు. ఎడిటరును ఏ గదిలో మొదలుపెడితే ఆ గదినే అది చివరిదాకా తన చోటనుకుంటుంది. తరవాత లోకంలోని కాగితాలన్నీ తెర మీదికి రప్పించినా దాని చెప్పులు మాత్రం కదలవు. దాని ఇక్కడ వేరు, నా ఇక్కడ వేరు. ఏ గది కాగితం చూస్తుంటే ఆ గదికి తనంతట తానే చెప్పులతో సహా వెళ్ళడం దానికి నేర్పాలి.

ఎలా నేర్పాలో బావకు కూడా వెంటనే తెలియలేదు. ఆ ఎడిటరుతో వచ్చిన పుస్తకం ఇటుకంత ఉండేది. అతడు దాన్ని అవసరమున్న పుటవరకే తెరిచేవాడు. నేనేమో, మొదటి పుట నుంచి చదవకపోతే శాస్త్రం ఒంటబట్టదని నేర్చుకున్నవాణ్ణి. నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని, రోజూ కార్యాలయానికి గంట ముందే వచ్చి, సూత్రాలకు అర్థం చెప్పుకున్నట్టు వాక్యం వాక్యం విడదీసి చదివాను. అయిదోనాటికి ఒకచోట దొరికింది. ఎడిటరు మేలుకోగానే మొదట చదువుకునే ఒక కాగితం ఉంటుందనీ, ఫలానాది జరిగినప్పుడు ఫలానాది చేయమని అందులో రాసిపెడితే అది తు.చ. తప్పక చేస్తుందనీ. నేను ఉత్సాహం పట్టలేక అక్కడికక్కడే సూత్రం రచించాను: ‘ఏ కాగితమును తెరచినప్పుడు ఆ కాగితపు నెలవే నీకును నెలవు.’ బావ దాన్ని యంత్రభాషలోకి మూడు వరసల్లో దించాడు.

పనిచేసింది. రవాణా కాగితం తెరిస్తే రవాణా గదికి, నీటి కాగితం తెరిస్తే నీటి గదికి ఎడిటరు బుద్ధిగా వెళ్ళింది. ఇద్దరం టీ తెప్పించుకున్నాం. టీ చల్లారకముందే కొంప మునిగింది. ముందు తెరిచి పక్కన పెట్టిన రవాణా కాగితాన్ని తిరిగి ముందుకు రప్పించి, ఇక్కడి నోటీసు చూపించమంటే నీళ్ళ నోటీసు చూపించింది. బావ తల గోక్కున్నాడు.

“ఎల్లడం ఒచ్చింది గానీ తిరిగి రాడం రాలేదు పంతులూ,” అన్నాడు.

ఆ తరవాత నాలుగు రోజులు అతడు ఆ మూడు వరసలను ముందుకూ వెనక్కూ తిప్పాడు. నాలోనూ ఆశ సన్నగిల్లింది. ఆదివారం గాజువాక గదిలో బట్టలు ఉతుక్కుంటూ, నా సూత్రాన్నే గొణుక్కుంటూ ఉండగా, తప్పు యంత్రానిది కాదు, యంత్రభాషదీ కాదు, నా తెలుగుదే అని తోచింది. ‘తెరచినప్పుడు’ అన్నాను. తెరవడం ఒక్కసారే జరుగుతుంది. తెరిచి ఉన్నదాన్ని తిరిగి తెరవరు. సోమవారం చెప్పులు విడవడం కూడా మరిచి బావ దగ్గరికి పరుగెత్తి (విడిచి రమ్మని బయటికి తోశాడు), సూత్రం సవరించి చెప్పాను: ‘ఏ కాగితము ఎదుట నిలిచిన, నిలిచినప్పుడెల్ల, దాని నెలవే నీకును నెలవు.’

“ఎల్ల అంటే?”

“ఎన్నిసార్లు ఎదుటికొస్తే అన్నిసార్లూ, బావా.”

అతడు నావైపు వింతగా చూసి, ఇటుకలాంటి ఆ పుస్తకంలో పుటలు తిప్పి, ‘తెరిచినప్పుడు’కు బదులు ‘ఎదుటికి వచ్చినప్పుడెల్ల’ అనే అర్థమిచ్చే మాట పట్టుకుని మూడో వరస మార్చాడు. నీటి కాగితం, రవాణా కాగితం, మళ్ళీ నీటి కాగితం, మళ్ళీ రవాణా కాగితం. ప్రతిసారీ ఎడిటరు చెప్పులతో సహా వెళ్ళి, చెప్పులతో సహా తిరిగి వచ్చింది. బావ కుర్చీలోని టెలిఫోన్ డైరెక్టరీని తీసి నా కుర్చీలో వేశాడు. మాటలతో అతడు నన్ను మెచ్చుకున్నది ఎప్పుడూ లేదు.

గడువుకు ఒకరోజు ముందు పెద్దాయన వచ్చి, గుమ్మం బయట బూట్లు విప్పి, తన పాదాలకు చాలని స్లిప్పర్లతో నా వెనక నిలబడ్డారు. తెరవమన్నది తెరిచాను, మార్చమన్నప్పుడు మార్చాను. ఏడెనిమిదిసార్లు తిప్పి తిప్పి అడిగారు. ప్రతిసారీ ఏ విభాగం కాగితం ఎదుట ఉంటే ఆ విభాగం నోటీసే వచ్చింది. చివరికి, ఆ పద్యం ఇప్పుడెక్కడుందని అడిగారు. నా గదిలోనే ఉందనీ, నేను అక్కడికి వెళ్తే తప్ప అది బయటికి రాదనీ చెప్పాను.

“నలభై ప్రతులు వేశారు. చేరవలసిన ఒక్కచోటికి మాత్రం చేరినట్టు లేదు,” అంటూ జేబులోంచి ఆ మడత తీసి నా చేతిలో పెట్టారు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. “మూడో పాదంలో యతి బాగా పడిందండీ. నాలుగో పాదం చూసి ఆవిడ కంగారుపడతారు. క్షేమమని ఒక ముక్క రాయండి.”

నాలుగు మూలలా సూది బెజ్జాలతో ఉన్న ఆ కాగితాన్ని, క్షేమమనే ముక్క జోడించి, ఆ రోజే పంపాను. పదిరోజులకు ఒక చిన్న పొట్లం, దానితో ఒక కార్డు వచ్చాయి. కార్డు మీద గుండ్రని అక్షరాల్లో ఇలా ఉంది: ‘తమ నోటీసు చేరినది. విషయము గమనించడమైనది. అన్నము అరుగుటకు వాము పంపుచున్నాను. క్వార్టరు దొరికిన వెంటనే తదుపరి నోటీసు పంపగలరు. ఇట్లు, అబల.’ నా రిపోర్టులో ‘సంతృప్తికరం’ అని పడిందని అదే వారం తెలిసింది. రెండు వార్తల్లో ఏది గొప్పదో ఆనాడు తేల్చుకోలేకపోయాను. ఈనాడు అడిగితే, వాము అంటాను.

ఉక్కునగరంలో మాకు రెండు గదుల క్వార్టరు వచ్చింది. పాలు పొంగించిన రోజున బావ వచ్చి, గడపలోనే చెప్పులు విడిచి, మా ఆవిడకు నమస్కారం పెట్టి, ఈ కథంతా నేను చెప్పనిచ్చినదానికంటే ఎక్కువ కలిపి చెప్పి, కడుపారా తిని, వెళ్ళేటప్పుడు నా కొత్త చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు అడిగితే, ఎదుట ఏవి కనపడితే అవేసుకోమని నువ్వే కదా రాయించావు పంతులూ అన్నాడు. ఆ చెప్పులు అతడు తిరిగి ఇవ్వలేదు. నేనూ అడగలేదు. అతడివి నాకు ఒక వేలు పొడవయ్యేవి. అరిగిపోయేదాకా అవే వేసుకున్నాను.

మొన్న మా పక్కింటి అమ్మాయి వాళ్ళ వరండాలో తన కంప్యూటరు మీద ఏదో దిద్దుకుంటుంటే వెళ్ళి కూర్చున్నాను. చూస్తున్న కాగితం ఏ గదిదైతే ఆ గదికి తనంతట తానే వెళ్ళే ఏర్పాటు అందులో ఉందా అని అడిగాను. ఆ అమ్మాయి ఒకచోట చిన్న టిక్కు పెట్టి, అంతే తాతగారూ అంది. పదిహేను రోజుల మా తపస్సు, రెండు సూత్రాలు, ‘ఎల్ల’ అనే ఒక్క మాట, అన్నీ ఆ టిక్కులో ఇమిడిపోయాయి. నాకు చిన్నతనం వేయలేదు కానీ, ఆ చల్లని గది, ప్రింటరు గరగర, రబ్బరు స్లిప్పర్ల వాసన ఒక్కసారిగా చుట్టుముట్టాయి. ఆ అమ్మాయి ఏదో చెబుతూనే ఉంది. నేను ఊఁ కొడుతూనే ఉన్నాను. అంతలో గోడ అవతల నుంచి మా ఆవిడ కేకేసింది, ఎక్కడున్నారని.

“ఇక్కడే,” అన్నాను.

“ఏ ఇక్కడ?” అంది.

సమాధానం వెతుక్కుంటూ తల దించాను. కుడికాలికి నా చెప్పు ఉంది. ఎడమకాలికి ఆవిడది.